కమిషన్ సభ్యుడికి మనమెందుకు ఓటెయ్యం?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. నేను రిటైర్డ్ టీచర్ని. కర్నూలు బి.క్యాంపులో సొంత ఇల్లుంది. మా చిన్నబ్బాయి అమెరికాలో, అరిజోనాలో ఉంటాడు. మొన్న ఫోన్‌లో ఒక కరపత్రం ఫొటో పంపాడు. అక్కడ కరెంటు రేట్లు తేల్చే కమిషన్‌కి పోటీ చేస్తున్న ఒకాయన ఓట్లడుగుతున్నాడు. సోలార్‌ని పెంచుతాడట, ఇళ్ల మీద ప్యానెళ్లు పెట్టుకున్నవాళ్లకి సరైన రేటు ఇప్పిస్తాడట, కంపెనీ అడిగినప్పుడల్లా చార్జీలు పెంచనివ్వడట. మన విద్యుత్ నియంత్రణ కమిషన్ ఆఫీసు మా ఊళ్లోనే ఉంది కదా, దాని సభ్యులకి మనమెందుకు ఓటు వెయ్యం? మాకు తెలిసిన ఒక రిటైర్డ్ ఇంజనీరు ఆ సభ్యుడి పోస్టుకి అప్లై చేశానని, వస్తే రూఫ్‌టాప్ వాళ్లకి మేలు చేస్తానని పెన్షనర్ల సమావేశంలో చెప్పాడు. ఆయన్నే వెయ్యమని మేం సంతకాలు పెట్టి పంపితే పనవుతుందా? చివరగా, మా ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్నాం, 78,000 రూపాయల సబ్సిడీ కూడా పడింది. కానీ మేం గ్రిడ్‌కి ఇచ్చిన యూనిట్లు మూడు నెలలుగా బిల్లులో తగ్గించడం లేదు. అడిగితే ‘సిస్టంలో ఇంకా ఎక్కలేదు’ అంటున్నారు. కట్టకపోతే కరెంటు తీసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మాస్టారూ, మీరు చివర్లో రాసినదాన్నే ముందు పట్టుకుంటాను. గడువులు నడిచేది దానికే. అరిజోనా ఎక్కడికీ పోదు.

మీ సోలార్ మీటరు డిస్‌ప్లే కాసేపు చూస్తే అంకెలు మారుతూ ఉంటాయి. మీరు గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లు ఒకటి, మీరు గ్రిడ్‌కి ఇచ్చినవి (ఎక్స్‌పోర్ట్) ఒకటి. ఈ రెండు రీడింగులకీ తేదీ కనిపించేలా ఫొటో తీసుకోండి. ఆ ఫొటో పక్కన మూడు నెలల బిల్లులు పెట్టి చూడండి. మీటరులో ఎక్స్‌పోర్ట్ అంకె పెరుగుతూ, బిల్లులో ఆ గడి ఖాళీగానో సున్నాగానో ఉంటే మీటరు బాగానే పనిచేస్తున్నట్టు, తప్పు బిల్లింగ్ దగ్గర జరుగుతున్నట్టు. మీటరు మీదే అనుమానమైతే దారి వేరు. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలకి 2024లో చేసిన సవరణ ప్రకారం, రీడింగ్ సరిగా లేదని ఫిర్యాదు చేసిన 5 రోజుల్లో అదనపు మీటరు పెట్టి, కనీసం 3 నెలలు సరిచూడాలి.

మీరు ఇప్పటిదాకా నోటితోనే అడిగారని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. కౌంటర్ దగ్గర చెప్పిన మాటకి రేపు సాక్ష్యం ఉండదు. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఒక కాగితం మీద సర్వీసు నంబరు, సోలార్ మీటరు బిగించిన తేదీ, నెలవారీ ఎక్స్‌పోర్ట్ యూనిట్లు రాసి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఆఫీసులో ఇచ్చి, రెండో ప్రతి మీద సీలు వేయించుకోండి. సీలు వెయ్యం అని వాళ్లంటే స్పీడ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే విద్యుత్ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకి రాయండి. ఇది 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ కింద ప్రతి డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, పెట్టి తీరాల్సిన వేదిక. దానికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. ఈ మాట నేను చెప్పకూడదేమో గానీ, నిజం అదే. గరిష్ఠంగా 45 రోజుల్లో తేల్చాలని నియమాలు చెబుతున్నాయి. అక్కడి నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో విద్యుత్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది. మీ విషయంలో మాత్రం ముందు వేదికే మేలు, లెక్క సరిచేయించే పని అక్కడ త్వరగా అవుతుంది.

కరెంటు తీసేస్తారన్న భయం గురించి. బకాయి ఉన్నా సరే, 56వ సెక్షన్ ప్రకారం 15 పూర్తి రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా తీయడానికి లేదు. అదే సెక్షన్‌లో మీకు పనికొచ్చే ఇంకో వాక్యముంది, చాలామందికి తెలియదు. బిల్లు మీద వివాదం ఉన్నప్పుడు వాళ్లడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు లెక్కన నెలకింత గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని రాసి కడితే, వివాదం తేలేదాకా సరఫరా ఆపకూడదు. ఆ మాట రాయకుండా ఊరికే కట్టేస్తే ఒప్పుకున్నట్టే అంటారు. అసలు కట్టకపోతే లైన్‌మన్ నిచ్చెనతో వస్తాడు. మధ్యలో ఉన్న దారి ఇదే.

ఇక ఓటు సంగతి. అరిజోనాలో ఐదుగురు కమిషనర్లని రాష్ట్ర ప్రజలే నాలుగేళ్లకి ఎన్నుకుంటారు. జార్జియా లాంటి మరికొన్ని రాష్ట్రాల్లోనూ ఎన్నికలున్నాయి, ఎక్కువ రాష్ట్రాల్లో మాత్రం నియామకాలే. మనదాంట్లో ఎన్నిక లేదు. 85వ సెక్షన్ ప్రకారం సభ్యుల్ని ఎంపిక చేసే కమిటీలో ముగ్గురు కూర్చుంటారు. హైకోర్టు మాజీ న్యాయమూర్తి ఒకరు అధ్యక్షత వహిస్తారు, రాష్ట్ర ప్రధాన కార్యదర్శి ఒకరు, కేంద్ర విద్యుత్ అథారిటీ లేదా కేంద్ర కమిషన్ చైర్‌పర్సన్ ఒకరు. ఒక్కో ఖాళీకి ఇద్దరి పేర్లు పంపితే, ప్రభుత్వం అందులోంచి ఒకరిని వేస్తుంది. పదవీకాలం ఐదేళ్లు, వయసు 65 దాటకూడదు, అదే పదవికి రెండోసారి లేదు. కమిషన్‌లో న్యాయరంగం నుంచి ఒక్కరైనా ఉండి తీరాలని 2018లో సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో చెప్పింది. మనకైతే 2019 నుంచి 2024 దాకా చైర్మన్‌గా ఉన్న సి.వి. నాగార్జున రెడ్డి గారు హైకోర్టు మాజీ న్యాయమూర్తే.

కాబట్టి మీ సంతకాల కాగితానికి ఆ కమిటీ ముందు చట్టపరంగా విలువ లేదు. వాళ్లు చూసేది అర్హత, అనుభవం. దాంతోపాటు, పనికి అడ్డొచ్చే ఆర్థిక ప్రయోజనం గానీ వేరే ప్రయోజనం గానీ అభ్యర్థికి లేదని రూఢి చేసుకున్నాకే పేరు సిఫారసు చెయ్యాలని చట్టం ఆ కమిటీకి చెప్పింది. మీ ఇంజనీరు గారి అబ్బాయి సోలార్ ప్యానెళ్ల డీలరైతే, మీరు పంపాల్సింది సంతకాలు కాదు, ఆ సమాచారం! నవ్వులాటకి అన్నాను, కానీ విషయం అలాంటిదే. అర్హత లేనివాళ్లని వేశారని తేలితే ఆ నియామకాన్ని హైకోర్టులో ఏ పౌరుడైనా కోవారంటో పిటిషన్‌తో, అంటే ‘ఏ అధికారంతో ఆ కుర్చీలో ఉన్నారు’ అని, ప్రశ్నించొచ్చు.

ఆయన సమావేశంలో చెప్పిన మాటలో నాకు ఇబ్బందిగా అనిపించింది వేరే. సోలార్ పెరగాలి అని ఎవరైనా అనొచ్చు, చట్టమూ అదే అంటోంది. పునరుత్పాదక ఇంధనాన్ని ప్రోత్సహించడం 86వ సెక్షన్ కింద కమిషన్ విధి. ‘రూఫ్‌టాప్ వాళ్లకి మేలు చేస్తాను’ అనడం మాత్రం తేడా. కమిషన్‌కి సివిల్ కోర్టు అధికారాలున్నాయి, దాని విచారణలు న్యాయవిచారణలే. రేపు రూఫ్‌టాప్ రేటు మీద వాదన జరిగితే, ముందే తీర్పు రాసుకుని కూర్చున్నవాడని డిస్కం లాయరు ఆ సమావేశం వీడియో ఏదైనా దొరికితే తెచ్చి చూపిస్తాడు. అప్పుడాయన ఆ విచారణ నుంచి తప్పుకోవాల్సి రావచ్చు. మేలు చేద్దామనుకున్న మనిషి కుర్చీలోనే లేకుండా పోతాడు. అరిజోనా అభ్యర్థికి ఈ బాధ తక్కువ, ఎందుకంటే మాటలు చెప్పి ఓట్లడగడం అక్కడ పద్ధతి.

ఓటుంటే అన్నీ బాగుంటాయనీ అనుకోవద్దు. ఇళ్ల సోలార్‌కి నెట్ మీటరింగ్ (ఇచ్చిన యూనిట్లని వాడినవాటిలోంచి తగ్గించడం) తీసేసి, గ్రిడ్‌కి ఇచ్చే యూనిట్‌కి వేరే తక్కువ రేటు కట్టే పద్ధతికి 2016 డిసెంబర్‌లో మారింది ఆ ఎన్నికైన కమిషనే. 2014 కమిషన్ ఎన్నికల్లో తమ గ్రూపు కోటి డాలర్లకి పైగా ఖర్చు చేసిందని అక్కడి పెద్ద కరెంటు కంపెనీ 2019లో బయటపెట్టింది. రేట్లు తేల్చేవాళ్ల ఎన్నికకి రేట్లు అడిగేవాళ్ల డబ్బు! మీ అబ్బాయిని అడగండి, ఆ గొడవ అక్కడ బాగా తెలిసిందే.

మీ ఇంజనీరు గారు మళ్లీ కనిపిస్తే సోలార్ ఇష్టమా అని అడక్కండి. ఇష్టమే అంటారు. మన ఓర్వకల్లు, గని, శకునాల వైపు వెళ్తే కనుచూపు మేర ప్యానెళ్లే, 1000 మెగావాట్ల పార్కు. ఉమ్మడి అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద గాలిమరలు. ఇక్కడ పుట్టినవాడెవడూ వద్దనడు. ఇబ్బందంతా బిల్లు ఎవరు కడతారన్న దగ్గరే. 2019 జూలైలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. గాలి, సోలార్ కంపెనీలతో చేసుకున్న పాత ఒప్పందాల రేట్లు ఎక్కువగా ఉన్నాయని ప్రభుత్వం జీవో 63తో సంప్రదింపుల కమిటీ వేసింది. డిస్కంలు గాలి కరెంటుకి యూనిట్ 2.43, సోలార్‌కి 2.44 రూపాయలే ఇస్తామన్నాయి. వినియోగదారుడి మీద భారం తగ్గించడానికే అన్నారు. కంపెనీలు హైకోర్టుకెళ్లాయి. తాత్కాలికంగా ఆ రేటే కట్టమని సెప్టెంబర్‌లో సింగిల్ జడ్జి చెబితే, 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ దాన్ని కొట్టేసి ఒప్పందం రేటు ప్రకారమే కట్టమంది. రెండున్నరేళ్లు ఆపిన డబ్బు చివరికి కట్టాల్సిందే. డిస్కం జేబులో డబ్బంటూ వేరే ఉండదు మాస్టారూ, ఏదో ఒక రోజు అది టారిఫ్ లెక్కలోకి వస్తుంది.

అందుకే ఆయన్ని అడగాల్సింది ఇలాంటివి. సాయంత్రం ఆరు దాటాక మన ప్యానెళ్లు పడుకుంటాయి, అప్పుడు కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజ్‌లో యూనిట్ 10 రూపాయల గరిష్ఠ ధర దాకా పెట్టి కొంటే ఆ ఖర్చుని ఎంతవరకు ఒప్పుకుంటారు? ముందు ఒప్పుకున్న ఖర్చుకీ అసలైన ఖర్చుకీ తేడా వసూలు చేసుకుంటామని డిస్కం వేసే ట్రూఅప్ పిటిషన్ ఎన్నేళ్లు ఆలస్యంగా వచ్చినా తీసుకుంటారా? రెండోది నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యం. 2021లో బిల్లుల్లో ట్రూఅప్ అని కొత్త గీత కనిపించినప్పుడు నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఒక కొత్త కాపురం వాళ్లున్నారు. పెళ్లై ఏడాది కాలేదు, అద్దె ఇల్లు. 2014 నుంచి 2019 దాకా ఎవరో వాడిన కరెంటు ఖర్చు తేడా వీళ్ల బిల్లులో పడింది. ‘సార్, 2014లో నేను ఇంటర్’ అన్నాడా అబ్బాయి. అతనికి చెప్పడానికి నా దగ్గర సరైన సమాధానం లేకపోయింది.

కానీ ఆ తేడా వసూలుకి కమిషన్ ఇచ్చిన 3,669 కోట్ల ఉత్తర్వు నిలబడలేదు. పత్రికల్లో బహిరంగ ప్రకటన ఇచ్చి జనాన్ని వినాల్సిన తతంగం సరిగా జరగలేదని హైకోర్టులో పిటిషన్ పడింది. కమిషనే దాన్ని వెనక్కి తీసుకుని, మళ్లీ బహిరంగ విచారణ పెట్టింది. చివరికి అనుమతించిన మొత్తం 2,910 కోట్ల దాకా తగ్గింది. వందల కోట్లు తగ్గింది ఎవరి ఓటు వల్లా కాదు, ఒక పేపర్ ప్రకటన దగ్గర పట్టుకోవడం వల్ల. 2000లో చార్జీల పెంపు మీద జనం రోడ్డెక్కితే ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పుల దాకా పోయిన రాష్ట్రం మనది. అప్పటికే కమిషనూ ఉంది, విచారణలూ ఉన్నాయి. వాటిలో కూర్చుని మాట్లాడేవాళ్లు ఎప్పుడూ పదిమందే.

మీకా పని సులువు. కమిషన్ ఆఫీసు 2023లో హైదరాబాద్ నుంచి మీ ఊరికే వచ్చింది, దిన్నెదేవరపాడు రోడ్డులో విద్యుత్ నియంత్రణ భవన్. వచ్చే ఏడాది లెక్కల్ని డిస్కంలు నవంబర్ 30 లోపు దాఖలు చెయ్యాలి. తర్వాత పత్రికల్లో ప్రకటన వస్తుంది. సన్నని అక్షరాల్లో, ఇళ్ల స్థలాల ప్రకటనల పక్కన ఉంటుంది, కళ్లద్దాలు పెట్టుకుని చూడండి. అందులో ఇచ్చిన గడువు లోపు పేరు, చిరునామా రాసి, స్వయంగా మాట్లాడదలిచారో లేదో చెప్పి, అభ్యంతరం డిస్కంకి పంపి ఒక ప్రతి కమిషన్ కార్యదర్శికి ఇవ్వాలి. డిస్కం మీకు రాతపూర్వకంగా జవాబు చెప్పాలి. ఉత్తర్వు వచ్చాక నచ్చకపోతే ఢిల్లీలోని అప్పిలేట్ ట్రిబ్యునల్‌కి 45 రోజుల గడువుంటుంది, ఆ ఖర్చు మాత్రం మన పెన్షన్లతో అయ్యేది కాదు.

ఒక జాగ్రత్త. కమిషన్ బహిరంగ విచారణలో లేచి ‘నా బిల్లు తప్పు’ అంటే, వేదికకి వెళ్లమని కూర్చోబెడతారు. ఒక్కొక్కరి బిల్లు తగాదా కమిషన్ వినదని 2007లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మీరు వేరేలా అడగండి. ఈ జిల్లాలో రూఫ్‌టాప్ కనెక్షన్లు ఎన్ని, వాటిలో ఎక్స్‌పోర్ట్ యూనిట్లు బిల్లులో ఎక్కనివి ఎన్ని, ఎన్నాళ్లుగా ఎక్కడం లేదు, ఆ యూనిట్లని డిస్కం తన కొనుగోలు లెక్కలో ఎక్కడ చూపించింది అని. మీ పెన్షనర్లలో ఇంకెవరికైనా ఇదే తంటా ఉంటే వాళ్ల సర్వీసు నంబర్లూ చేర్చండి. వేదికకి జత చేసిన ఆ మూడు బిల్లులు, మీటరు ఫొటోలు ఇంకో సెట్టు జిరాక్స్ తీయించి పక్కన పెట్టుకోండి, నవంబర్ తర్వాత పనికొస్తాయి.