ఓడ దెబ్బతిని క్రూజ్ రద్దయితే కంపెనీ ఏమిస్తుంది? మాకు వచ్చిందీ, రానిదీ

మీరడిగింది ఇదీ: వచ్చే నెల ఎక్కాల్సిన ఓడ రేవులో జెట్టీని గుద్దుకుంది, మీ ట్రిప్పు రద్దు చేశారు, పూర్తి డబ్బు కావాలో, ఇంకో ట్రిప్పుకి వాడుకునే 125 శాతం క్రెడిట్ కావాలో ఏడు రోజుల్లో చెప్పమని మెయిల్ వచ్చింది, వైజాగ్ నుంచి కొన్న విమానం టికెట్ల ఊసు అందులో లేదు. ఏది తీసుకోవాలి, టికెట్ల డబ్బు ఎవరిస్తారు అని.

సూటిగా చెప్పేస్తా. ఏడాదిలోపు మళ్ళీ వెళ్ళడం ఖాయం, సెలవులు కూడా కుదురుతాయి అనుకుంటే తప్ప డబ్బే తీసుకోండి. విమానం టికెట్ల డబ్బు వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరు, బిల్లులు పెట్టి అడిగితే కొంత ఇస్తారు. ఇదంతా మేం పడి లేచి నేర్చుకున్నది.

మాది సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల ట్రిప్పు. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్నగారు. నాన్నగారు విశాఖ పోర్టులో టగ్గుల మీద ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. వేల ఓడల్ని లోపలికి లాగారు, బయటికి నెట్టారు గానీ ప్రయాణికుడిగా ఒక్కదాంట్లోనూ కాలు పెట్టలేదు, అందుకే డెబ్బయ్యో ఏట ఈ ముచ్చట. ద్వారకానగర్‌లో ఒక ఏజెంటు దగ్గర బుక్ చేశాం. విమానం టికెట్లు మాత్రం చవగ్గా వస్తున్నాయని నేనే విడిగా కొన్నాను. ఆ తెలివే తరవాత మెడకు చుట్టుకుంది.

ఎక్కాల్సిన రోజు ఉదయం హోటల్లో ఉండగా మెసేజ్ వచ్చింది, బోర్డింగ్ సాయంత్రం 4కి మార్చాం అని. మధ్యాహ్నం ఇంకోటి, రాత్రి 8కి అని. కారణం ఏమీ రాయలేదు. టెర్మినల్‌కి వెళ్తే తెలిసింది, ముందు ట్రిప్పు ముగించుకుని వస్తూ బెర్తుకి కట్టేటప్పుడు గాలికి పక్కకి కొట్టుకుపోయి జెట్టీని రాసుకుందని. నేను చిన్న సొట్టే కదా అనుకున్నా. నాన్నగారు మాత్రం కుర్చీలో కూర్చుని, "ఏటి, ప్లేటు లోపలికి పోయిందా? అయితే ఇది ఇవాళ కదల్దురా. క్లాస్ సర్వేయరు వచ్చి చూడాల, కాగితం రాయాల, అప్పుడే బయల్దేరుద్ది" అన్నారు. అదే జరిగింది, రాత్రి పదిన్నరకి రద్దు అని ప్రకటించారు.

ఈ సర్వేయరు సంగతి తెలిస్తే కంపెనీ ఎందుకలా నాన్చుతుందో అర్థమవుతుంది. ఓడ పొట్టకు దెబ్బ తగిలిందంటే ఆ ఓడకు సర్టిఫికెట్ ఇచ్చిన క్లాసిఫికేషన్ సొసైటీ మనిషి వచ్చి చూసి సరే అనాలి. ఆయన సరే అంటాడేమోనన్న ఆశ ఉన్నంతసేపూ కంపెనీ "ఆలస్యం" అనే అంటుంది. ఆలస్యానికీ రద్దుకీ డబ్బు లెక్కలో చాలా తేడా ఉంది. టికెట్టు కొన్నప్పుడు మనం చదవకుండా టిక్కు పెట్టే ఒప్పందంలో దాదాపు అన్ని కంపెనీలూ రాసుకునేది ఒకటే: దారి మార్చొచ్చు, ఒక రేవు వదిలేయొచ్చు, ఆలస్యంగా బయల్దేరొచ్చు, వాటికి పెద్దగా ఏమీ ఇవ్వక్కర్లేదు, వదిలేసిన రేవుకి కట్టించుకున్న పోర్టు చార్జీ వెనక్కిస్తే చాలు. పూర్తిగా రద్దయితేనే మొత్తం టికెట్టు డబ్బు. మధ్యలో ఆగిపోతే మిగిలిన రోజుల వంతు. అందుకని మీ మెయిల్లో "రద్దు" అనే మాట స్పష్టంగా ఉందో లేదో ముందు చూసుకోండి, లేకపోతే రాయించుకోండి. విమానం కంపెనీతో మాట్లాడటానికీ, ఇన్సూరెన్స్‌కీ ఆ ఒక్క కాగితమే ఆధారం.

ఇక్కడ చాలామంది పొరబడేది ఏమిటంటే, ఒప్పందం ప్రకారం వాళ్ళు ఇవ్వాల్సింది టికెట్టు డబ్బు వరకే. హోటలు, విమానం, క్రెడిట్, ఇవన్నీ వాళ్ళ పేరు పాడవకుండా ఇచ్చేవి. ఎంతిస్తారన్నది గొడవ ఎంత పెద్దదైందన్న దాన్ని బట్టి ఉంటుంది. 2013 ఫిబ్రవరిలో కార్నివాల్ ట్రయంఫ్ అనే ఓడ ఇంజిన్ గదిలో మంటలు లేచి మెక్సికో సింధుశాఖలో కరెంటు లేకుండా ఆగిపోయింది. నాలుగు వేల మందికి పైగా ఉన్నారు, మరుగుదొడ్లు పనిచేయలేదు, టగ్గులు లాక్కుంటూ అలబామాలోని మొబైల్ రేవుకి చేర్చేసరికి మంటలు వచ్చి నాలుగు రోజులైంది. టీవీలన్నీ అదే చూపించాయి. ఆ ప్రయాణికులకి మొత్తం డబ్బు, ప్రయాణ ఖర్చులు, కట్టినంత విలువకు ఇంకో ట్రిప్పు క్రెడిట్, పైన మనిషికి 500 డాలర్లు ఇచ్చారు. 2019 మార్చిలో నార్వే దగ్గర వైకింగ్ స్కై ఇంజిన్లు తుఫానులో ఆగిపోయి (లూబ్రికేటింగ్ ఆయిల్ తక్కువై) నాలుగు వందల మందికి పైగా హెలికాప్టర్లలో దించాల్సి వచ్చింది, వాళ్ళకీ పూర్తి డబ్బుతో పాటు ఇంకో ట్రిప్పు ఉచితం. మాలాగా రేవులోనే సొట్టపడి నిశ్శబ్దంగా రద్దయిన ట్రిప్పుకి ఏ టీవీ వస్తుంది చెప్పండి!

ఆ ట్రయంఫ్ గొడవ తర్వాతే, 2013 మేలో క్రూజ్ కంపెనీల సంఘం ప్రయాణికుల హక్కులంటూ ఒక పత్రం విడుదల చేసింది. యంత్రాల లోపం వల్ల రద్దయితే పూర్తి డబ్బు, మధ్యలో ఆగితే కొంత, అనుకోని రేవులో దించేస్తే ఇంటికి చేర్చడం, రాత్రి ఉండాల్సొస్తే బస, ఇలా. అది అమెరికాలో టికెట్టు కొన్నవాళ్ళను ఉద్దేశించింది, మనకు నేరుగా పట్టదు. కానీ అందులో "యంత్రాల లోపం" అన్న మాట గమనించండి. గాలివాన అయితే లెక్క వేరు. అందుకే కంపెనీ పంపే మెయిల్లో కారణం ఏమని రాశారో చూడాలి. మాకు "ప్రతికూల వాతావరణం వల్ల" అని రాశారు. నాన్నగారు ఊరుకోలేదు, ఆ రోజు అదే రేవులో మిగతా ఓడలన్నీ మామూలుగానే కట్టాయి కదా, అడుగు అన్నారు. అడిగాను. జవాబులో వాతావరణం మాట పోయి "ఆపరేషనల్ కారణాలు" అని వచ్చింది. (గాలికి ఓడ అదుపు తప్పడం అబద్ధమేం కాదు లెండి, 2020 అక్టోబరులో మన తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకెక్కిన బంగ్లాదేశ్ సరుకు ఓడ ఎంవీ మా లంగరు ఆగక కొట్టుకొచ్చిందే కదా. కానీ ఆ రోజు వాయుగుండం, మాకు ఎండ.)

ఇప్పుడు మా లెక్క. టికెట్టు, పోర్టు చార్జీలు పూర్తిగా వచ్చాయి, 47 రోజులకి. రెండు రాత్రుల హోటల్‌కి గదికి ఇంతని పరిమితి పెట్టి బిల్లు చూసి ఇచ్చారు. విమానం టికెట్లు మేం రద్దు చేసుకోకుండా తేదీ మార్చుకున్నాం, ఆ మార్పు చార్జీ కూడా ఇచ్చారు, మనిషికి 200 డాలర్లు దాటకుండా. వీసాల డబ్బు రాలేదు. తిండి ఖర్చు బిల్లున్నంత వరకే. టెక్కా సెంటర్‌లో రెండు పూటలు తిన్న దోసెలకి బిల్లెక్కడిది, అది పోయింది. ఓడలో వైఫైకి, బయట చూసే టూర్లకి ముందే కట్టింది వచ్చింది గానీ దాన్ని విడిగా అడగాల్సి వచ్చింది, మొదటి జాబితాలో లేదు.

పైన 25 శాతం క్రెడిట్ కూడా ఇచ్చారు. మీకు చెప్తున్న 125 శాతం కూడా అలాంటిదే కాబట్టి దీని మీద కాస్త నిలబడతా. ఆ క్రెడిట్ ఎలాంటిదంటే, ట్రిప్పు అసలు ధర మీదే లెక్క, పన్నులకీ చార్జీలకీ వర్తించదు. పన్నెండు నెలల్లో వాడాలి, వేరేవాళ్ళకి ఇవ్వకూడదు, డిసెంబరు చివర్లోనూ వేసవి సెలవుల్లోనూ చెల్లదు, ఇంకో ఆఫర్‌తో కలపకూడదు. సెలవుల్లో చెల్లని క్రెడిట్ బడి పిల్లలున్న ఇంటికి ఎందుకు? మాకు పిల్లల గొడవ లేకపోయినా ఆ ఏడాది అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, క్రెడిట్ గడువు తీరి గాల్లో కలిసిపోయింది. 125 అనేది 100 కన్నా పెద్ద అంకె, అంతే. దానికి కొత్త విమానం టికెట్లు, కొత్త వీసా కలిపి చూసుకోండి.

ఇంకో జాగ్రత్త. డబ్బుతోపాటు ఒక ఫారం పంపి "ఇక ఏ క్లెయిమూ ఉండదు" అని సంతకం పెట్టమంటే ఆగండి. కోస్టా కాంకోర్డియా గుర్తుందా, 2012 జనవరి 13న ఇటలీలో జీల్యో దీవి దగ్గర రాతికి గుద్దుకుని ఒరిగిపోయింది, 32 మంది చనిపోయారు. దెబ్బలు తగలనివాళ్ళకి కంపెనీ మనిషికి 11,000 యూరోలు (అప్పటి లెక్కలో ఏడు లక్షల పైచిలుకు), టికెట్టు, ప్రయాణ ఖర్చులు ఇస్తామంది, కోర్టుకు వెళ్ళకూడదన్న షరతు మీద. కొందరు తీసుకున్నారు, కొందరు తీసుకోలేదు. ఓడలో ఉండగా గాయమో ప్రాణనష్టమో జరిగితే అది వేరే లోకం, ఏథెన్స్ ఒప్పందం అని ఒకటుంది, దానికి 2014 ఏప్రిల్ 23 నుంచి అమల్లోకొచ్చిన సవరణ ప్రకారం ఓడ మునక, గుద్దుకోవడం, మంటల్లాంటి ప్రమాదాల్లో తప్పు రుజువు చేయక్కర్లేకుండానే ప్రయాణికుడికి 2,50,000 ఎస్‌డీఆర్‌ల దాకా బాధ్యత (ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ వాడే లెక్క యూనిట్, మన డబ్బులో రెండున్నర కోట్ల పైనే), గడువు రెండేళ్ళు. అది ఒప్పుకున్న దేశాలకే. మీ విషయంలో ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి దాని జోలికి పోనక్కర్లేదు, కానీ సంతకం సంగతి మాత్రం మీకూ వర్తిస్తుంది. విమానం డబ్బు తేలేదాకా పెట్టకండి.

కోర్టంటే గుర్తొచ్చింది, అమెరికా కంపెనీల టికెట్టు మీద కేసు ఫలానా ఊళ్ళోనే వేయాలి అని ఉంటుంది, ఫ్లోరిడా అనుకోండి. 1991లో అక్కడి సుప్రీంకోర్టే కార్నివాల్ కేసులో ఆ షరతు చెల్లుతుందంది, పాపం ఆ దంపతులు ఉండేది దేశానికి ఇంకో మూల వాషింగ్టన్ రాష్ట్రంలో. మనం వైజాగ్ నుంచి ఫ్లోరిడా ఏం వెళ్తాం! అందుకే ఇక్కడి ఏజెంటుకి రూపాయల్లో కట్టి ఇన్‌వాయిస్ తీసుకున్నవాళ్ళకి ఒక మేలుంది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్ళోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు, రెండేళ్ళ గడువుంది.

మాకు అంతదూరం పోలేదు గానీ అంచుదాకా వెళ్ళాం. కంపెనీ డబ్బు ఏజెంటు ఖాతాలోకి వేసేసింది, ఏజెంటేమో ఇంకా రాలేదంటాడు. మూడు వారాలు "రేపు సార్, ఎల్లుండి సార్". చివరికి నేనే కంపెనీకి రాసి రిఫండ్ ఏ తేదీన, ఏ రిఫరెన్స్ నంబరుతో పంపారో తెప్పించుకుని ఆయనకి ఫార్వర్డ్ చేసి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. తొమ్మిది రోజుల్లో డబ్బు పడింది. అందులోనూ సర్వీస్ చార్జీ అని మనిషికి 2,500 కోసుకున్నాడు, ఇన్‌వాయిస్‌లో తిరిగి ఇవ్వబడదు అని రాసి ఉంది, నోరు మూసుకున్నాను. బుకింగ్ అప్పుడే టీసీఎస్ అని పన్ను కట్టించుకున్నారు కదా, అది ఏజెంటుని అడిగి లాభం లేదు, అప్పటికే మన పాన్ మీద ప్రభుత్వానికి వెళ్ళిపోయింది. మన పేరున జమైన పన్నులు చూపించే 26ఏఎస్ పత్రంలో కనిపించింది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటైంది. మీరు క్రెడిట్ కార్డు మీద నేరుగా కంపెనీకి కట్టి ఉంటే ఏజెంటు గొడవే లేదు, ఎంతకీ తేలకపోతే బ్యాంకుని చార్జ్‌బ్యాక్ (కార్డు మీద కట్టింది వెనక్కి రప్పించడం) అడగండి, సాధారణంగా 120 రోజుల లోపు అడగాలి, ఆలస్యం చేయొద్దు.

ఇన్సూరెన్స్ మీద మరీ ఆశ పెట్టుకోకండి. మా పాలసీలో ట్రిప్ రద్దు అంటే మనకి జబ్బు చేయడం, ఇంట్లో ఎవరైనా పోవడం లాంటివి, ఓడవాళ్ళు రద్దు చేస్తే కాదు. ఆలస్యం కింద మాత్రం చిన్న మొత్తం వచ్చింది, మొదట వచ్చిన ఆ "4 గంటలకి మార్చాం" మెసేజ్ స్క్రీన్‌షాట్ ఉండబట్టి. ఫోన్లో వచ్చినవేవీ చెరపకండి.

ఓడ ఎక్కలేదని నాన్నగారు బాధపడతారనుకున్నా. లిటిల్ ఇండియాలో కాళికమ్మ గుడి చూసి, రేవు ఒడ్డున కూర్చుని వచ్చే పోయే టగ్గుల్ని రెండు రోజులు చూసి, "మనోళ్ళే బాగా లాగుతారు" అన్నారు.

మీ ఏడు రోజుల గడువులో ఎన్ని మిగిలాయి? "పూర్తి రిఫండ్ కావాలి, ప్రయాణ ఖర్చుల క్లెయిమ్ విడిగా పంపుతున్నాం" అని ఒక్క లైను ఇవాళే మెయిల్ పెట్టేయండి, గడువులోగా జవాబివ్వకపోతే దాన్నే క్రెడిట్‌కి ఒప్పుకున్నట్టు లెక్కేసే కంపెనీలున్నాయి. టికెట్లు విడిగా కొన్నారా, ప్యాకేజీలోనే ఉన్నాయా చెప్పండి, ప్యాకేజీలో ఉంటే వాటి డబ్బు కూడా ఏజెంటే ఇవ్వాలని గట్టిగా అడగొచ్చు.