రోడ్డెక్కితే ఏం ఒరుగుతుంది?

ప్రశ్న: ఏ దేశం వార్తలు చూసినా జనం రోడ్ల మీదే ఉంటున్నారు. పోలీసులు కొడతారు, లోపలేస్తారు, నాలుగు రోజులకి అందరూ మర్చిపోతారు. ఇలా రోడ్డెక్కితే నిజంగా ఏమన్నా ఒరుగుతుందా అండీ?

జవాబు: ఒరుగుతుందండీ, కాకపోతే నాలుగు రోజుల్లో లెక్క చూసుకుంటే కనపడదు. అర్జెంటీనా సంగతే తీసుకోండి. 1976లో అక్కడ సైన్యం అధికారం లాక్కుంది, ఇక ఎవరి మీద అనుమానం వస్తే వాళ్లని, స్టూడెంట్సనీ యూనియన్ వాళ్లనీ లేదు, ఇళ్లల్లోంచి ఎత్తుకుపోవడమే, ఎక్కడున్నారని అడిగితే మాకు తెలీదనడమే. కేసుండదు, కాగితముండదు, శవం కూడా ఇవ్వరు. చచ్చిపోయాడని ఏడవటానికీ లేదు, బతికున్నాడని ఆశపడటానికీ లేదు, ఇంతకంటే క్రూరమైన పద్ధతి నాకు తెలీదు.

1977 ఏప్రిల్ 30న 14 మంది ఆడవాళ్లు, చాలామంది బిడ్డలు మాయమైన తల్లులే, రాజధాని బ్వేనస్ ఐరీస్‌లో అధ్యక్ష భవనం ముందున్న ప్లాజా డి మాయో అనే కూడలికి వచ్చారు. గుంపుగా నిలబడకూడదు, కదలండి అన్నారు పోలీసులు. సరే అని ఇద్దరిద్దరుగా నడవటం మొదలెట్టారు, తర్వాత అదే ప్రతి గురువారం నడకైంది, తలకి తెల్లగుడ్డ గుర్తైంది. ఆ డిసెంబర్లోనే వాళ్లని కూడగట్టిన అసుసేనా విల్యాఫ్లోర్‌ని కూడా ఎత్తుకెళ్లి చంపేశారు, ఆమె అవశేషాలు గుర్తుపట్టింది 2005లో! అయినా మిగతా తల్లులు రావటం మానలేదు.

1983లో సైనిక పాలన పోయింది, బ్రిటన్‌తో ఫాక్‌లాండ్స్ దీవుల కోసం చేసిన యుద్ధంలో ఓడిపోవటం కూడా దానికి పెద్ద కారణమే. కానీ నేరాన్ని మరుగున పడనివ్వకుండా పట్టుకున్నది ఈ ఆడవాళ్లే. 1985లో ఆ సైనిక పాలన నడిపిన నియంత విదేలాకి యావజ్జీవం పడింది, 1990లో క్షమాభిక్ష పెట్టి వదిలేశారు, మళ్లీ కేసులు తెరిచారు, చివరికి 2013లో జైల్లోనే పోయాడు. ఎత్తుకుపోయిన ఆడవాళ్లకి నిర్బంధంలో పుట్టిన పసిపిల్లల్ని వేరేవాళ్లకిచ్చేస్తే అమ్మమ్మలూ నానమ్మలూ డీఎన్ఏ టెస్టులతో ఇప్పటికి 130 మందికి పైగా వెతికి పట్టుకున్నారు.

ప్రశ్న: మరి ఎక్కడో దూరంగా ఉన్నవాళ్లు ఏం చెయ్యగలరు?

జవాబు: జైల్లో పెట్టిన ప్రభుత్వాలకి ఉత్తరాలు రాయొచ్చు. 1961లో లండన్‌లో మొదలైన ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ అనే మానవ హక్కుల సంస్థ పేరు తెచ్చుకుంది అలాంటి ఉత్తరాలతోనే. అదే అర్జెంటీనాలో జైలుపాలైన మానవ హక్కుల కార్యకర్త పెరెస్ ఎస్కివెల్ కోసం కూడా అది గొంతెత్తింది, ఆయన బయటికొచ్చాక 1980లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. ఉత్తరంలో తిట్లొద్దు, ఖైదీ పేరు, అరెస్టైన తేదీ, జైలు పేరు రాసి మర్యాదగా జవాబడగండి. వీడియోలు షేర్ చేసేముందు మాత్రం ఏ దేశానివో ఏ ఏడాదివో చూసుకోండి, పాతదొక్కటి దొరికినా మొత్తం అబద్ధమనేస్తారు.