బ్లోయర్‌లోకి నీరు ఏ వైపు నుంచి వచ్చింది?

ప్రశ్న: అమ్మ మోకాళ్ల నొప్పులకు ఉపశమనంగా ఉంటుందని విశాఖపట్నంలోని మా ఇంటి మేడపై రూ.4.60 లక్షలతో హాట్ టబ్ పెట్టించాను. 2024 డిసెంబరు 14న బిగించారు. నీళ్లలోకి గాలి బుడగలు పంపే బ్లోయర్ 2025 జులైలో కాలిపోతే ఉచితంగా మార్చి, పాతదాన్ని రసీదు ఇవ్వకుండా పట్టుకెళ్లారు. కొత్తది కూడా పాడైంది, స్విచ్ వేయగానే ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే రక్షణ స్విచ్) పడిపోతోంది. ‘లోపలికి నీరు చేరింది, వారంటీ వర్తించదు’ అని నవంబరు 10న ఈ-మెయిల్ పంపారు. వచ్చిన మెకానిక్ అమ్మ ఎదుటే నన్ను అవమానించాడు, ఆమె ఏడ్చింది. మరమ్మతు వివరాలు రాసే జాబ్ కార్డుపై నా సంతకం తీసుకున్నాడు, నేను చదవకుండానే పెట్టాను. రూ.20 లక్షల పరిహారం కోరవచ్చా? ఈఎల్‌సీబీని తప్పించి నేరుగా కరెంటు ఇస్తే బ్లోయర్ నడుస్తుందని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు.

జవాబు: ఆ ఎలక్ట్రీషియన్‌ను ఇక మేడ ఎక్కనివ్వకండి. ఈఎల్‌సీబీ పడిపోతోందంటే కరెంటు ఎక్కడో లీకవుతోందని అర్థం. దాన్ని తప్పించి స్విచ్ వేస్తే, ఒళ్లంతా తడిసి నీళ్లలో కూర్చునేది మీ అమ్మగారే. ప్రాణాపాయం అలా ఉండగా, కేసు కూడా అక్కడితో పోతుంది. ‘వైరింగ్ మార్చి మోటారును వాళ్లే తగలబెట్టుకున్నారు’ అని అవతలి న్యాయవాది ఒక్క మాట అంటే మీ దగ్గర సమాధానం ఉండదు.

మెకానిక్ ప్రవర్తన మిమ్మల్ని బాగా బాధపెట్టింది. కేసును తేల్చేది అది కాదు. బ్లోయర్‌లోకి నీరు చేరిందని ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. ఏ వైపు నుంచి చేరిందన్నదే ప్రశ్న. గాలి పీల్చుకునే వైపు నుంచి వచ్చి ఉంటే అది వాన నీరు. కప్పు లేకుండా ఆరుబయట వదిలేశారని మిమ్మల్నే తప్పుపడతారు. పైపు వైపు నుంచి వచ్చి ఉంటే అది టబ్ నీరు, బిగించిన వారి లోపం. గాలి పైపు టబ్ నీటి మట్టం కంటే పైకి లేచి, వంపు తిరిగి కిందికి దిగాలి. దారిలో నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ ఉండాలి. ఆ వంపు లేక, వాల్వ్ కూడా పట్టకపోతే, బ్లోయర్ ఆగిన ప్రతిసారీ నీరు వెనక్కి వస్తుంది. ఎన్ని మోటార్లు మార్చినా అవీ కాలిపోతాయి.

కాబట్టి మెయిన్ ఆపి, టేపు పట్టి నీటి మట్టం నుంచి పైపు వంపు వరకు కొలిచి, అంకెలు కనిపించేలా ఫొటోలు తీయండి. బ్లోయర్ రెండు నోళ్లనూ దగ్గర నుంచి ఫొటో తీయండి. పైపు వైపు తెల్లని పొర కట్టి ఉంటే అది క్లోరిన్ కలిపిన టబ్ నీటి జాడ కావచ్చు, తుడవకండి. మోటారు విప్పకండి, అమ్మిన వారికి తిరిగి ఇవ్వకండి. మాన్యువల్‌లో బిగింపు బొమ్మ ఉన్న పేజీ తీసి పెట్టుకోండి.

మొదటి బ్లోయర్‌ను రసీదు లేకుండా పట్టుకుపోనిచ్చారు. జాబ్ కార్డు చదవకుండా సంతకం పెట్టారు. నాలుగున్నర లక్షలు పోసి కొన్న వస్తువు విషయంలో ఇంత అజాగ్రత్త ఏమిటి? అయితే మీరు పంపిన కాపీలో ‘నీరు చేరినందున’ అని మాత్రమే ఉంది, ఎలా చేరిందో లేదు. ఆ కాగితం మీకు నష్టం చేయదు, పైగా నీరు చేరిన సంగతిని వాళ్ల చేతే రాయించింది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. వారంటీ నిరాకరించిన రోజు నుంచి లెక్కించాలని మనం అంటాం, బిగించిన రోజు నుంచే లెక్కించాలని వాళ్లు అంటారు. 2026 డిసెంబరు 13లోగా దాఖలు చేస్తే ఆ తగాదాయే ఉండదు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేసినా, నోటీసులు పంపినా గడువు ఆగదు. ‘వచ్చే వారం మనిషిని పంపుతాం’ అనే వాట్సాప్ సందేశాలను నమ్మి కూర్చోవద్దు. వాటిని సాక్ష్యంగా మాత్రం దాచండి, సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే ధ్రువపత్రంతో జతచేయవచ్చు.

మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపే కాబట్టి రుసుము లేదు. సెక్షన్ 38(2)(సి) కింద బ్లోయర్‌కు సీలు వేయించి ప్రయోగశాలకు పంపాలని ఫిర్యాదుతోనే దరఖాస్తు పెట్టండి. పరీక్ష ఖర్చు ముందుగా మిమ్మల్నే కట్టమనవచ్చు. ల్యాబు మోటారును చూస్తుంది గానీ మీ మేడపై పైపును చూడదు. దానికి ఇంజినీరు సాయంతో అడ్వొకేట్ కమిషనర్‌ను (స్థలాన్ని చూసి నివేదిక ఇచ్చేందుకు నియమించే న్యాయవాదిని) పంపాలని వేరే దరఖాస్తు వేయండి. నివేదికలు వచ్చేదాకా పైపును కదిలించకండి.

రూ.20 లక్షల మాట మరిచిపోండి. ఆధారం లేని పెద్ద అంకె మీ నిజమైన నష్టాన్ని కూడా అనుమానంలో పడేస్తుంది. కొత్త బ్లోయర్, పైపు సరిగ్గా మళ్లీ వేయడం, ఖర్చులు, మనోవేదనకు కొంత సహేతుకమైన మొత్తం కోరండి. అమ్మగారి ఎదుట జరిగిన అవమానం ఆ చివరి పద్దు కింద ఒక పేరాలో వస్తే చాలు.