కంపెనీల వాళ్ళు కాలేజీ పేరు చూస్తారా? పొలం అమ్మి పేరున్న కాలేజీలో బి కేటగిరీ (మేనేజ్‌మెంట్) సీటు తీసుకోవచ్చా?

మీ అమ్మాయికి ఎంసెట్‌లో 38 వేల ర్యాంకు వచ్చిందని, ఊరికి దగ్గర్లో కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటులో, సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) దొరుకుతుందని, హైదరాబాద్‌లో పేరున్న ప్రైవేటు కాలేజీ కావాలంటే మేనేజ్‌మెంట్ సీటుకు ఎకరం అమ్మాల్సి వస్తుందని రాశారు.

పేరు చూస్తారండి. చూడరని ఎవరైనా చెబితే నమ్మకండి. అయితే ఎక్కడ చూస్తారో, ఎందుకు చూస్తారో తెలిస్తే ఎకరం సంగతి మీరే తేల్చుకోగలరు.

నేను 2012లో బీటెక్ పాసయ్యాను. పల్నాడులో పొలాల మధ్య కట్టిన కాలేజీ, జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉండేది. నాలుగేళ్ళలో మా క్యాంపస్‌కి వచ్చిన కంపెనీలు రెండే. ఒకటి కాల్ సెంటర్, ఇంకోటి ఇంటింటికీ తిరిగి అమ్మే పని. ఫైనలియర్‌లో గుంటూరు వైపు ఓ పెద్ద కాలేజీలో పూల్ డ్రైవ్ (చాలా కాలేజీల పిల్లలకు ఒకేచోట పెట్టే ఉద్యోగ పరీక్ష) ఉందని తెలిసి ఆరుగురం మొదటి బస్సు పట్టుకుని వెళ్ళాం. గేటు దగ్గర టేబుల్ వేసుకుని ఒకాయన ఐడీ కార్డులు చూసి లోపలికి పంపుతున్నాడు. నా కార్డు తిప్పి చూసి, పక్కనున్న కాగితం మీద పైనుంచి కిందిదాకా వేలు పెట్టి వెతికి, "మీ కాలేజీ లిస్టులో లేదు బాబూ" అన్నాడు. పదో తరగతి నుంచి బీటెక్ దాకా నాకు ఎక్కడా 80 శాతం తగ్గలేదు, ఒక్క సబ్జెక్టూ తప్పలేదు. చేతిలో ఉన్న ఫైలు విప్పమని కూడా ఎవరూ అడగలేదు. కాలేజీ పేరుతో పనిపడేది ఇలాంటి చోటే, పరీక్ష రాయనిస్తారా లేదా అన్న చోట.

తర్వాత ఏడు నెలలు అమీర్‌పేట హాస్టల్లో ఉండి, మైత్రీవనం పక్కన జావా నేర్చుకుని, వాకిన్‌ల (నేరుగా వెళ్ళి హాజరయ్యే ఇంటర్వ్యూల) చుట్టూ తిరిగితే ఒక చిన్న కంపెనీలో నెలకు 9 వేలకు ఉద్యోగం దొరికింది. నాతో ఇంటర్ చదివినవాడు మంచి కాలేజీ నుంచి నేరుగా పెద్ద కంపెనీలో చేరాడు. వాడి జీతం అందుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ ఇంట్లో ఎంత ఇబ్బంది పడ్డామో నాకు తెలుసు. అందుకే పేరుతో పనేంటని తేలిగ్గా అనలేను.

ఇప్పుడు ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చుంటున్నాను. పోయినేడాది మా టీంలో ఆరు ఖాళీలకు 1,400 దరఖాస్తులు వచ్చాయి. చూడ్డానికి హెచ్‌ఆర్‌లో ఇద్దరే. వాళ్ళు ఎక్సెల్‌లో కాలేజీ కాలమ్ మీద ఫిల్టర్ పెట్టేశారు. అంటే ఆ కాలేజీల్లో పాఠాలు గొప్పగా చెబుతారని కాదు. మంచి ర్యాంకు వచ్చిన పిల్లలు అక్కడ చేరతారు కాబట్టి సగం వడపోత ఎంసెట్టే చేసిపెట్టిందని వాళ్ళ లెక్క.

పక్కన పడేసిన వాటిలోంచి నా మాట మీద ఓ వంద తీయించాను. అందులో ప్రకాశం జిల్లా అమ్మాయి ఒకరు ఉన్నారు. ఆ కాలేజీ పేరు మాలో ఎవరం వినలేదు. వాళ్ళ నాన్నగారు నడిపే పాలకేంద్రం కోసం బిల్లు సాఫ్ట్‌వేర్ రాసింది. "ఇందులో నిన్ను బాగా ఏడిపించింది ఏంటమ్మా?" అని అడిగాను. "పదిహేను రోజుల బిల్లు సార్" అంది. సాయంత్రం కరెంటు పోతే లీటర్లు, వెన్న శాతం పుస్తకంలో రాసుకుని మర్నాడు పొద్దున కంప్యూటర్‌లో ఎక్కిస్తారట. దాంతో పదిహేనో తారీకు సాయంత్రం పాలు తర్వాతి బిల్లులోకి పోయేవి, రైతులు గొడవ పెట్టుకునేవాళ్ళు. అందుకని పాలు పోసిన పూట వేరే, ఎక్కించిన టైము వేరే పెట్టింది. ఐదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఈ రెంటినీ ఒకటే అనుకుని తప్పు చేయడం నేను చూశాను. ఆమెను తీసుకున్నాం. కానీ ఆ రోజు వంద తీయించకపోతే ఆమె రెజ్యూమె ఎవరి కంటా పడేది కాదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇక మీ ఎకరం సంగతి. పేరున్న కాలేజీలన్నీ ఒక గాటన కట్టకండి. ఐఐటీలు, వరంగల్ ఎన్‌ఐటీ, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ దారి వేరు. సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసే పెద్ద ప్రోడక్ట్ కంపెనీలు ముందు వెళ్ళేది అక్కడికే, వాటిలో బి కేటగిరీ సీటు అమ్మరు. మీరు కొనబోయేది ప్రైవేటు కాలేజీలో సీటు. అక్కడ ఎక్కువమందిని తీసుకునేది వేరే కంపెనీలకు పనిచేసిపెట్టే సర్వీస్ కంపెనీలే. వాటిలో ఒకటైన టీసీఎస్ 2018 నుంచి నేషనల్ క్వాలిఫయర్ టెస్ట్ అనే పరీక్ష పెడుతోంది, క్యాంపస్‌కి కంపెనీలు రాని కాలేజీ పిల్లలు కూడా రాయొచ్చు. ఎన్‌టీపీసీ, ఓఎన్‌జీసీ లాంటి ప్రభుత్వ సంస్థలు గేట్ (GATE) అనే జాతీయ పరీక్ష స్కోరుతో ఇంజినీర్లను తీసుకున్నాయి, అక్కడ కాలేజీ పేరుకు మార్కుల్లేవు. మా రోజుల్లో మూసి ఉన్న గేట్లలో కొన్ని ఇప్పుడు తెరిచారు. రెండు మూడేళ్ళ అనుభవం వచ్చాక పని గురించే అడుగుతారు. నా రెజ్యూమెలో కాలేజీ పేరు చివరి లైనులో ఉంటుంది, గత మూడు ఉద్యోగాల్లో దాని గురించి ఒక్క ప్రశ్న రాలేదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ సీటుకే వస్తుందని కూడా గుర్తుపెట్టుకోండి. నేనైతే పొలం అమ్మను. దగ్గర్లో ఉన్నవాటిలోనే కంపెనీలు కాస్తైనా వచ్చే కాలేజీ వెతుకుతాను, మిగిలిన డబ్బులో మంచి ల్యాప్‌టాప్ కొనిస్తాను.

వెతికేటప్పుడు ఫ్లెక్సీ మీద ఒక్క పిల్లాడి ఫొటో, పక్కన 40 లక్షలు చూసి మోసపోకండి. కేంద్ర ప్రభుత్వం కాలేజీలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగుకు కాలేజీలు ఇచ్చే వివరాల్లో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత అని ఉంటుంది. మీడియన్ అంటే అందర్నీ జీతాల వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండే పిల్లాడి జీతం. అది చూసుకుని, ఒకరోజు అమ్మాయిని వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్ళండి. ఆఫీసు గదిలో కాదు, క్యాంటీన్ దగ్గర ఫైనలియర్ పిల్లల్ని అడగండి: ఈ ఏడు ఎన్ని కంపెనీలు మీ క్యాంపస్ లోపలికి వచ్చాయి, ఎన్నింటికి మీరే బస్సెక్కి వెళ్ళాల్సి వచ్చింది, మీ సెక్షన్‌లో ఎంతమందికి ఆఫర్ లెటర్ చేతికొచ్చింది అని.