స్ప్లంక్‌లో లాగ్‌లు కోరిన ఇండెక్స్‌కి వెళ్లడం లేదా?

ప్రశ్న: మా ఆఫీసులో 40 విండోస్ మెషీన్లలో స్ప్లంక్ యూనివర్సల్ ఫార్వర్డర్ (మెషీన్ లాగ్‌లను, అంటే ఏం జరిగిందో నమోదైన రికార్డులను, స్ప్లంక్ సర్వర్‌కి పంపే ప్రోగ్రాం) వేశాను. దాని సెట్టింగుల ఫైలు అవుట్‌పుట్స్ డాట్ కాన్ఫ్‌లో ఇండెక్స్ (స్ప్లంక్ లాగ్‌లను దాచే చోటు) పేరు రాసినా సెక్యూరిటీ లాగ్‌లన్నీ 'మెయిన్' అనే డిఫాల్ట్ ఇండెక్స్‌లోకే పోతున్నాయి. ఏం చేయాలి సార్?

జవాబు: మీరు రాసిన ఫైలే తప్పండీ. అవుట్‌పుట్స్ చెప్పేది ఏ సర్వర్‌కి, ఏ పోర్టుకి పంపాలో మాత్రమే (మామూలుగా 9997), ఏ ఇండెక్స్‌లో పడాలన్నది ఇన్‌పుట్స్ డాట్ కాన్ఫ్‌లో చెప్పాలి. అందులో 'విన్ఈవెంట్‌లాగ్' సెక్యూరిటీ విభాగం కింద డిసేబుల్డ్ విలువ 0 పెట్టి, దాని కిందే ఇండెక్స్ పేరు రాయండి. డిఫాల్ట్ ఫోల్డర్‌ని మాత్రం ముట్టుకోకండి, అప్‌గ్రేడ్ చేసిన రోజు మీ మార్పులన్నీ గల్లంతవుతాయి. లోకల్ ఫోల్డర్‌లోనే రాసి సర్వీసు రీస్టార్ట్ చేయండి.

ఇంకో మాట, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఆ ఇండెక్స్‌ని ముందుగా ఇండెక్సర్ (లాగ్‌లను అందుకుని దాచే సర్వర్) మీద సృష్టించాలి, ఫార్వర్డర్ దాన్ని తయారుచేయదు. లేని ఇండెక్స్‌కి పంపితే, లాస్ట్ ఛాన్స్ ఇండెక్స్ (అలా చోటు దొరకని లాగ్‌లు పడే ఇండెక్స్) పెట్టుకోకపోతే, ఆ లాగ్‌లు పోయినట్టే. ఇప్పటికే మెయిన్‌లో పడినవి అక్కడే ఉంటాయి, కదలవు. 40 మెషీన్లకీ చేత్తో మార్చే ఓపిక నాకైతే లేదు, సెట్టింగులను ఒకేచోటి నుంచి అన్ని మెషీన్లకీ పంపే డిప్లాయ్‌మెంట్ సర్వర్ పెట్టుకోండి.