పొగ వెంట పడే చదువు

ప్రశ్న: మాది మదనపల్లె, పదేళ్లుగా బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది), పీసీఎంసీ, అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్. పంజాబు పొలాల పొగ ఢిల్లీకి ఎలా చేరుతుందో శాటిలైట్ ఫొటోల్లో చూస్తూ కూర్చుంటుంది. ఇప్పుడు అదే ఉద్యోగంగా చేస్తానంటోంది. వాళ్ల నాన్న కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకో మాట విననంటున్నారు. అసలు ఇలాంటి చదువుందా? అన్నం పెడుతుందా?

జవాబు: ఉందమ్మా. కాకపోతే ఈ పనిలో ఫొటో చూసినందుకు జీతం ఇవ్వరు, ఫొటోను అనుమానించినందుకు ఇస్తారు.

ఆ ఫొటోల్లో మంట ఉన్నచోట పడే ఎర్రచుక్కలనే తీసుకోండి. కొన్ని ఉపగ్రహాల్లో ఉండే వీర్స్ అనే పరికరం నేలను 375 మీటర్ల గళ్లుగా చదువుతుంది. పక్క గళ్లకన్నా ఒక గడి బాగా వేడిగా ఉంటే అక్కడ చుక్క పడుతుంది. పగటిపూట ఆ ఉపగ్రహాలు మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో. రైతు నాలుగింటికి గడ్డి అంటిస్తే చుక్క పడదు. పంజాబులో 2023లో 36 వేలు దాటిన మంటల లెక్క 2024లో 11 వేల లోపుకు వచ్చింది. పొగ మాత్రం ఆ లెక్కన తగ్గలేదు. పది నిమిషాలకో ఫొటో తీసే కొరియా ఉపగ్రహాన్ని చూసిన శాస్త్రవేత్తలకు, మంటలు సాయంత్రం వైపు జరిగినట్టు కనిపించింది.

పొగ మంటకన్నా మాయదారిది. తెల్లగా పరుచుకున్నది పొగో, మంచో, మబ్బో మామూలు ఫొటోలో తేలదు. పొగ అతినీలలోహిత కాంతిని మింగుతుంది కాబట్టి ఆ కాంతిలో కొలిచి విడదీస్తారు. ఆ తర్వాత ఎత్తు తేలాలి. 2023 జూన్‌లో కెనడా అడవుల పొగ కిందికి దిగింది కనుకే న్యూయార్క్ ఆకాశం నారింజ రంగుకు తిరిగి, జనానికి ఊపిరాడలేదు. అదే పొగ ఐరోపా చేరేసరికి ఎక్కువగా పైపైనే వెళ్లిపోయింది. ఫొటోలో రెండుచోట్లా పొగే! గాలి వాటం, నేలమీది కొలతలు కలిపితే తప్ప ఎవరి ముక్కుకు తగిలిందో చెప్పలేం.

అంటే కావలసినవి ఫిజిక్స్, లెక్కలు, కోడింగ్. కాబట్టి వాళ్ల నాన్నగారి మాట సగం నిజమే. కంప్యూటర్ సైన్స్ తీసుకున్నా నష్టం లేదు, ఫిజిక్స్ వదిలేస్తేనే నష్టం. నన్నడిగితే బీఎస్సీ ఫిజిక్స్–మ్యాథ్స్ గానీ, సివిల్ ఇంజినీరింగ్ గానీ మేలంటాను. పీజీకి దారులున్నాయి. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ (భూమిని కొలిచి మ్యాపులుగా మలిచే విద్య) పేపర్ పెట్టారు. డెహ్రాడూన్‌లో ఉపగ్రహ ఫొటోలు చదవడం నేర్పే ఇస్రో వారి సంస్థ ఐఐఆర్ఎస్‌లో ఎంటెక్ చేస్తే డిగ్రీ మన ఆంధ్రా యూనివర్సిటీది. వాతావరణ శాస్త్రం వైపు వెళ్లాలంటే మీ ఊళ్లోనే ఐఐఎస్‌సీ ఉంది.

అన్నం సంగతి. అచ్చంగా పొగ మీదే ఉద్యోగాలు తక్కువ, దాచను. కానీ పొగను విడదీయడం నేర్చిన చెయ్యి పంట నష్టం, వరద, 2019లో బందీపూర్‌లో కాలినట్టు కాలిన అడవి, దేన్నైనా కొలుస్తుంది. హైదరాబాద్‌లో ఇస్రో వారి ఉపగ్రహ ఫొటోల కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ, తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణ పరిశోధనశాల ఎన్ఏఆర్ఎల్, బెంగళూరులో పిక్సెల్, శాట్‌ష్యూర్ లాంటి కంపెనీలు ఈ బాపతే.

మూడు నెలల సర్టిఫికెట్ కోర్సుల జోలికి మాత్రం పోవద్దు. నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి ఎనభై వేలు కట్టి ఏ బటన్ ఎక్కడుందో నేర్చుకొచ్చాడు, ఎందుకు నొక్కాలో తెలీదు. ఐఐఆర్ఎస్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితం, మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ కూడా ఉచితమే.

ఏప్రిల్, మే నెలల్లో పంజాబులో గోధుమ మొదళ్లు కాలుస్తారు. అప్పటికి అమ్మాయి పరీక్షలు కూడా అయిపోతాయి. ఒకే జిల్లా పట్టుకుని రెండు వారాలు రోజూ చుక్కలు లెక్కబెట్టి, ఆనాటి మబ్బు, గాలి, దగ్గరి ఊరి గాలి కాలుష్యం కొలత నోట్‌బుక్‌లో రాయమనండి. చుక్కలకూ కొలతకూ పొత్తు కుదరని రోజున విసుగొచ్చి మూసేస్తుందో, ఎందుకా అని రాత్రి పదకొండు దాకా కూర్చుంటుందో చూడండి. కూర్చుంటే ఆ నోట్‌బుక్ పట్టుకుని నా దగ్గరికి రండి, వాళ్ల నాన్నగారిని కూడా వెంటబెట్టుకుని.