టైప్ 2 షుగర్‌కి పిండిపదార్థాలు తగ్గిస్తే చాలా? మీటర్‌తో ఎప్పుడు చూసుకోవాలి?

తగ్గిస్తే తేడా బాగానే కనిపిస్తుంది. పిండిపదార్థమే గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి చేరుతుంది కాబట్టి, అది తగ్గితే భోజనం తర్వాతి రీడింగూ తగ్గుతుంది. రోజుకు 130 గ్రాముల లోపు తింటే సాధారణంగా లో కార్బ్ అంటారు.

కానీ మందులు వాడేవాళ్లు దయచేసి డాక్టర్‌కి చెప్పకుండా మొదలుపెట్టొద్దు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ పాత మోతాదులోనే వేసుకుంటూ తిండి తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మీటర్‌లో 70 కన్నా తక్కువ చూపిస్తే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లకు ఇంకో ముప్పు కీటోయాసిడోసిస్, అంటే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు ప్రమాదకరంగా పేరుకుపోవడం. షుగర్ పెద్దగా పెరగకుండానే రావచ్చు, అందుకే పట్టుకోవడం కష్టం. వాంతులు, ఆయాసం మొదలైతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

చాలామందికి లక్ష్యం పరగడుపున 80–130, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు 180 లోపు. ఒక్క పరగడుపు రీడింగ్‌తో తిండి సంగతి తెలియదు. భోజనానికి ముందు, తర్వాత, రెండూ చూడాలి. ముందు 110 ఉండి తర్వాత 210 వచ్చిందనుకోండి, మర్నాడు అదే భోజనంలో పిండిపదార్థం సగానికి తగ్గించి మళ్లీ చూడండి. ఎంత తింటే మీ ఒంటికి పడుతుందో అలాగే తెలుస్తుంది. అన్నట్టు, చేతులు కడిగి బాగా తుడుచుకున్నాకే వేలు గుచ్చుకోండి. పండు ఒలిచిన వేలైతే ఆ తీపి అంటుకుని రీడింగ్ ఉత్తినే ఎక్కువ వస్తుంది.

మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) కూడా చేయించుకోండి.